దాలమ్మ తెచ్చిన చెవి

కొండలు మాట్లాడేవని ముసలివాళ్లు చెప్పే రోజులవి. ఎన్నేళ్ల కిందటో నాకు తెలీదు, మా తాతకీ తెలీదు. కొండ కింద ఒక ఊరు, ఊరి చివర ఒక సాల, సాలలో ఒక దాలమ్మ. భూమి లేదు, మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఆ పశువుల సాల ఒక్కటే.

కొండ మీద చలికి దూడలు కట్టెల్లా బిగుసుకుపోయేవి. అందుకని కార్తీకం వెళ్లగానే పైవాళ్లు పశువుల్ని కిందికి తోలుకొచ్చి దాలమ్మకి అప్పగించేవారు. ఫాల్గుణంలో వచ్చి తోలుకుపోయేవారు. ఆ మూడు నెలలూ మేత, నీళ్లు, నెగడు అన్నీ ఆమె పనే.

ఒక ఏడు సుక్రన్న అనే కొండరైతు పన్నెండు ఆవుల్ని తోలుకొచ్చాడు.

"తలకి ఎంత, అప్పా?" అన్నాడు. అక్కని అక్కడ అప్ప అంటారు.

"రెండు కుంచాల చోళ్లు, తమ్ముడా." చోళ్లంటే రాగులు.

"రెండా! నా ఆవులకి పట్టుపరుపులు వేస్తావేటి?"

"పట్టుపరుపు నువ్వు వేసుకో. అవి గడ్డి మీదే పడుకుంటాయి. ఆ గడ్డి నేను కొయ్యాలి, పేడ నేను ఎత్తాలి, నీ ముసలావుకి గంజి నేను తాగించాలి."

"ఒకటిన్నర."

"సరే, ఒకటిన్నర. పేడ నాది."

"పేడ నీదే. మరి చెవి?"

దాలమ్మ నవ్వు ఆగిపోయింది. "చూపుతాను," అంది.

ఈ చెవి ఏమిటంటారా? చెబుతాను. వెనకటికి ఎవడో కాపరి ఆవుని సంతలో అమ్మేసి, 'అది' ఎత్తుకుపోయిందన్నాడట. అప్పట్నుంచి కట్టుబాటు పెట్టారు. ఒక్కో ఇంటి ఆవులకి ఒక్కోలా చెవి కోసి గుర్తు పెడతారు. ఆవు పోతే కాపరి ఆ చెవి తెచ్చి చూపాలి. చూపితే తప్పు లేదు. చూపలేకపోతే ఆ రైతు ఇంట మూడేళ్లు ఊడిగం చెయ్యాలి. 'అది' అంటే పెద్దపులి. నేను మీకోసం చెప్పాను గానీ ఆ ఊళ్లో దాని పేరెత్తరు. ఎత్తితే వింటుందట.

పుష్యమాసం వచ్చింది. మంచు దిగింది. కొండ కనబడలేదు. అదెక్కడుందో తెలియలేదు.

ఒక పొద్దున నీళ్లకని పన్నెండు ఆవులు మంచులోకి వెళ్లాయి. పదకొండు తిరిగొచ్చాయి. ఒంటి మీద చర్మం వణికిపోతోంది. ఒక్కటీ గడ్డి ముట్టలేదు.

పొరుగింటి నూకాలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఒదినా, వెళ్లకు. మూడేళ్ల ఊడిగమే కదా!"

"ఆ కొండ మీద మూడు చలికాలాలే! దూడలే బతకవు, నేను బతుకుతానటే?"

కొడవలి తీసుకుని వెళ్లింది.

మంచు దిగింది. కొండ కనబడలేదు. అదెక్కడుందో తెలియలేదు. వాగు ఇసకలో ఆవుని ఈడ్చిన జాడ ఉంది. పక్కనే అడుగులు. ఒక అడుగులో తన అరచెయ్యి పెట్టి చూసింది. చెయ్యి చాలలేదు. పరుగున ఇంటికొచ్చింది.

రెండో రోజూ మంచు దిగింది. కొండ కనబడలేదు. వెదురు పొదలో ఎముక విరుగుతున్న చప్పుడు. దాలమ్మ ఆగింది. చప్పుడూ ఆగింది. వెనక్కి వెనక్కి నడిచి వచ్చేసింది. "నేనాగితే అదీ ఆగిందే," అంది నూకాలుతో.

మూడో రోజు, "ఇవాళ కాకపోతే నక్కలు చెవి కూడా మిగల్చవు," అంది. ఆవులకి గడ్డి వేసి మరీ వెళ్లింది.

నూకాలు గుమ్మంలోంచి పిలిచింది. "ఒదినా!"

"ఓయ్!" అంది మంచులోంచి.

మళ్లీ పిలిచింది. "ఓయ్!" దూరంగా.

మూడోసారి పిలిచింది. ఎవరూ పలకలేదు.

ఎండెక్కాక ఊరంతా డప్పులు కొట్టుకుంటూ వెళ్లారు. వాగు ఒడ్డున కొడవలి దొరికింది. చిరిగిన చీర కొంగు ముక్క దొరికింది, దాన్లో మూటకట్టి చెవి. దాలమ్మ దొరకలేదు.

మిగతా చలికాలం ఆవుల్ని నూకాలు సాకింది. ఫాల్గుణంలో సుక్రన్న దిగాడు. సాల ముందు నిలబడి వేలితో లెక్కపెట్టాడు.

"పదకొండే ఉన్నాయి. చెవేదీ?"

నూకాలు మూట తెచ్చి అతని చేతిలో పెట్టింది. విప్పి చూశాడు. తన ఇంటి గుర్తే.

"సరే, తప్పు లేదు. అప్పని పిలు, చోళ్లు కొలుస్తాను."

"నువ్వే పిలు."

"అప్పా!" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ఆ పదకొండు ఆవులూ తలెత్తి చూశాయి. మనిషి పలకలేదు.

సుక్రన్న తన చేతిలోని చీర కొంగు ముక్క వైపు చూశాడు. "నేను ముందు చెవిని అడిగాను," అన్నాడు.

ఆ ఏటి నుంచి ఆ కొండ కింద చలికాలపు బేరంలో చెవి మాట లేదు. ఆవు పోతే కాపరి చెప్పిందే సాక్ష్యం. ఇప్పటికీ ఫాల్గుణంలో దిగివచ్చిన రైతు ముందు సాల వైపు చూడడు. వీపు తిప్పి నిలబడి, కాపరిని పేరు పెట్టి పిలుస్తాడు. "ఓయ్!" అని వినబడ్డాకే పశువుల వైపు తిరుగుతాడు. ఒక్కోసారి కాపరి ఏ పనిలోనో ఉండి పలకడం ఆలస్యమవుతుంది. అప్పుడు చూడాలి పిల్లలూ, ఆ రైతు మొహం.