నాలుగు భాగాల రాయి, ఎనిమిది భాగాల రాయి

అనగనగా రెండు వాగుల నడుమ ఇరుక్కున్న ఓ చిన్న రాజ్యం. పడమట ఎర్రవాగు, తూర్పున నల్లవాగు. రెండింటి గట్లూ ఒకే ఎత్తు. నీరు ఎంత పెరిగిందో చూడడానికి ఒక్కో వాగులో గట్టు ఎత్తున ఒక్కో కొలతరాయి నిలబెట్టారు.

ఎర్రవాగు రాయి చెక్కినవాడు ఒళ్లు వంచని మనిషి. నాలుగు సమభాగాలు గీసి చేతులు దులుపుకున్నాడు. నల్లవాగు రాయి చెక్కినవాడికి చాదస్తం ఎక్కువ. అంతే ఎత్తు రాయిని ఎనిమిది సమభాగాలు చేసిగాని ఉలి దించలేదు. ఎన్ని భాగాలు మునిగితే కావలివాళ్లు నగారా మీద అన్ని దెబ్బలు కొట్టాలి. రాజుగారు దెబ్బలు వినడమేగాని రాళ్లను ఎన్నడూ చూసిన పాపాన పోలేదు.

ఆ ఏడు వాన విడవకుండా కురిసింది. నూకాలమ్మ అనే అవ్వ కోట ముంగిట చూరు కింద కూర్చుని, గట్లకు మట్టి మోసే తట్టలు అల్లుతోంది. ఆమె కూతురు, పసి మనవరాలు ఎర్రవాగు ఒడ్డున ఉన్నారు. నూకాలమ్మ చేతులు వెదురు మీద, చెవులు నగారా మీద.

మొదటిరోజు పడమట ఒక దెబ్బ, తూర్పున రెండు.

"రెండు పెద్దది! తట్టలన్నీ నల్లవాగుకే!" అన్నాడు రాజు.

రెండోరోజు పడమట రెండు, తూర్పున నాలుగు.

"అమ్మో, నాలుగా!" రాజు మనుషుల్ని కూడా నల్లవాగుకే తోలాడు.

నూకాలమ్మ రెండు రాళ్లూ చూసిన మనిషి. రాజుగారి లెక్క తప్పు అని ఆమెకు తెలుసు. అయినా రాజుగారితో మనకెందుకులే అని నోరు మెదపలేదు.

మూడోరోజు పడమట మూడు, తూర్పున ఐదు!

"మిగిలినవాళ్లంతా తూర్పుకి పదండి!" అంటూ రాజు గుర్రమెక్కాడు.

నూకాలమ్మ అల్లుతున్న తట్ట పక్కన పడేసింది. పరుగున వెళ్లి గుర్రానికి అడ్డం నిలబడింది.

"ఆగండి మారాజా! మునిగేది ఎర్రవాగు గట్టు!"

మంత్రి కసిరాడు. "నీ కూతురు అక్కడుందని చెబుతున్నావు. మూడు పెద్దదా, ఐదు పెద్దదా?"

"కూతురుందని భయమే బాబయ్యా. కానీ లెక్క మాత్రం నిజం. చూడండి!"

ఆమె రెండు వెదురుబద్దలు ఒకే పొడవున కోసింది. ఒకదాన్ని నాలుగు సమభాగాలుగా, రెండోదాన్ని ఎనిమిదిగా గాట్లు పెట్టి పక్కపక్కన పట్టుకుంది.

"నాలుగింట ఒకటి, ఎనిమిదింట రెండు. ఒకే ఎత్తు! మొన్న రెండు వాగులూ సమానమే. నాలుగింట రెండు, ఎనిమిదింట నాలుగు. రెండూ సగమే! నిన్నా సమానమే. మరి ఈ రోజో?"

రాజు గుర్రం దిగి వేలు పెట్టి చూశాడు. నాలుగింట మూడో గాటుకు సరిగ్గా ఎదురుగా ఎనిమిదింట ఆరో గాటు ఉంది.

"ఎర్రవాగు ఆరు! నల్లవాగు ఐదే!" రాజు కేకపెట్టాడు. "పడమటికి పదండర్రా!"

అందరూ ఒక్క ఉదుటున పరుగెత్తారు. రాజు తట్ట నెత్తికెత్తుకున్నాడు. మంత్రి పంచె ఎగ్గట్టి బురదలో దిగాడు. మట్టి పడుతోంది, నీరు లేస్తోంది. గట్టు మీద మూరెడు మట్టి పడేసరికి కొలతరాయి మొత్తం మునిగిపోయింది! వరద కొత్త మట్టిని తాకింది, కాసేపు ఊగింది, మెల్లగా వెనక్కి తగ్గింది. ఒక్క గుడిసెలోకీ నీరు రాలేదు.

నూకాలమ్మ మనవరాలిని గుండెకు హత్తుకుని ఏడుస్తూనే నవ్వింది.

"మొన్ననే ఎందుకు చెప్పలేదవ్వా?" అడిగాడు రాజు.

"తమరు రాళ్లు చూడలేదు, నేను జంకాను. తప్పు ఇద్దరిదీ మారాజా!"

రాజు తలదించుకుని ఆమెకు చేతులు జోడించాడు.

అంకె పెద్దదైనంత మాత్రాన భాగం పెద్దది కాదు పిల్లలూ. ఎన్నింటిలో ఎన్నో చూసి పోల్చండి, తెలిసిన నిజాన్ని జంకకుండా చెప్పండి.