పేరు లేని గ్లాసు

ఆకు మీద మచ్చలు వచ్చేశాయి! వకుళ కాళ్లు నేల మీద ఆనడం లేదు. బొప్పాయి మొక్క కుండీని చంటిపిల్లలా ఎత్తుకుని, తనకు పరిశోధన నేర్పే మస్తానయ్య మాస్టారి గదిలోకి పరుగెత్తింది.

ఆ రోజుల్లో ఆ పని చేయడమంటే మాటలా? బొప్పాయి తెగులు వైరస్ జన్యువును అక్షరం అక్షరం చదవాలి. పరీక్షనాళికలో దానికి నకలు తయారుచేయాలి. ఆ నకలును లేత ఆకుకు రుద్ది, అందులోంచి మళ్లీ బతికున్న వైరస్‌ను పుట్టించాలి. అదొక్కటి చేతికొస్తే, ఒక్కో అక్షరం మార్చి చూస్తూ ఏది మొక్కను పాడుచేస్తోందో పట్టుకోవచ్చు. వకుళ ఏళ్ల తరబడి పడ్డ కష్టమంతా ఆ మచ్చల కోసమే.

"మాస్టారూ, నా వైరస్ పుట్టిందండీ! ఈ వారమే పరిశోధన పత్రికకు రాసి పంపేద్దాం. ఆలస్యమైతే ఇదే పని మీదున్న ఢిల్లీ వాళ్లు మనకంటే ముందు అచ్చేయించుకుంటారు."

మాస్టారు ఆకును వెలుతురుకు పట్టి చూశారు. కిటికీలోంచి, మొక్కలు పెంచే గాజింటి వైపు చూశారు. అక్కడ వకుళ మొక్కల పక్క వరసలోనే తోటల నుంచి తెచ్చిన జబ్బు మొక్కలున్నాయి. ఆ జబ్బును ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసే పేనుబంక పురుగుకు అడ్డేముంది?

ఆయన ఆ మాటేమీ అనలేదు. "ముందు టీ తాగుదాం. గ్లాసులు పట్రామ్మా" అన్నారు.

ఆ ప్రయోగశాలలో ఎవరి స్టీలు గ్లాసు వాళ్లదే. గిన్నెల మీద పేర్లు కొట్టే మనిషి వీధిలో కేకేస్తే చాలు, చేతిలో పని వదిలేసి పరుగెత్తేవాళ్లు. టకటకమని ఆ చప్పుడు ఎంత బావుండేదో! ఇప్పుడా మనిషీ లేడు, ఆ కేకా లేదు. వకుళ మాత్రం పేరు కొట్టించుకోలేదు. "నా గ్లాసు నాకు తెలీదా ఏంటి?" అనేది.

కుళాయి దగ్గర కడిగి బోర్లించిన గ్లాసుల్లో మాస్టారిది పేరు చూసి చటుక్కున తీసింది. తన గ్లాసు దగ్గర చెయ్యి ఆగిపోయింది. వచ్చేపోయేవాళ్ల కోసం ఉంచినవీ అచ్చం అలాంటివే.

"నీదేదమ్మా?"

"ఇదేనండీ... కాదు, అదనుకుంటా."

మాస్టారు నవ్వలేదు. తన గ్లాసులోనే టీ పోసి ఆమెకిచ్చారు. "తాగు. పేరు కొట్టినందుకు టీ రుచేమన్నా మారిందా?"

"లేదండీ" అంటూనే వకుళ ఆగిపోయింది. ఆమె వేలు గ్లాసు మీది అక్షరాల మీద ఉంది. కళ్లు బొప్పాయి ఆకు మీద ఉన్నాయి. టీ అలాగే వదిలేసి, కుండీ ఎత్తుకుని వెళ్లిపోయింది.

పని మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి నకలులో, వైరస్ బతుక్కి అడ్డురాని చోట, తనదని తెలిసేలా ఒక్క అక్షరం మార్చి గుర్తు పెట్టింది. ఈలోగా ఢిల్లీ వాళ్లది అచ్చయిపోయింది. ఆ రోజు వకుళ గాజింట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. పాత మొక్క మీది మచ్చలు ఎవరివో ఇక ఎప్పటికీ తెలియదు.

వానాకాలంలో కొత్త ఆకుల మీద మచ్చలు తేలాయి. వాటిలోంచి తీసిన వైరస్‌ను చదివితే కొన్నిట్లో గుర్తు లేదు. అవి పేనుబంక తెచ్చినవి. మిగతా వాటిలో ఆమె పెట్టిన అక్షరం పెట్టినట్టే ఉంది.

ఈసారి ఆమె పరుగెత్తలేదు. మెల్లగా వచ్చి చెప్పింది. మాస్టారు బల్ల సొరుగులోంచి ఒక స్టీలు గ్లాసు తీసి, నిండా టీ పోసి ఆమె ముందు పెట్టారు. దాని మీద 'వకుళ' అని చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంది.

"ఇంక కడిగి ఎక్కడ పెట్టినా పర్లేదమ్మా" అన్నారు.