ఏం కాదన్న మాట

డాక్టర్ సుభద్రమ్మ గారి దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్ర డాక్టర్లలో సోమనాథ్‌కు తెలివి ఎక్కువ, ఓపిక తక్కువ. వైద్య పరిశోధనలు ఏం తేల్చాయో నిద్రలో లేపి అడిగినా గడగడా ఒప్పజెప్పేవాడు. ఒక ఉదయం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలోనే ఆమెను నిలదీశాడు.

"మేడమ్, మామూలు దగ్గుకు యాంటీబయాటిక్ అక్కర్లేదని, చాలామంది పిల్లలకు దానంతట అదే తగ్గుతుందని వేలమందిని చూసి తేల్చారు. మీరూ రాయరు. మరి తల్లులతో 'ఏం కాదమ్మా' అని ఒక్క మాట ఎందుకనరు? పాపం, ఆ మాట కోసమే కదా వాళ్లు వచ్చేది!"

పిల్లల టీకాల కోసం పక్క ఊరు బయల్దేరుతున్న సుభద్రమ్మ గారు నవ్వి, సంచి భుజాన వేసుకున్నారు.

సాయంత్రం తిరిగి రాగానే, ఎవరెవరు వచ్చారని అడిగారు. సోమనాథ్ హుషారుగా చెప్పాడు. పైడమ్మ అనే ఆమె ఏడాది నిండని కొడుకును ఎత్తుకొచ్చి, దగ్గుకు సూది వేయమని పట్టుబట్టిందట. తను బిడ్డ చొక్కా విప్పించి, ఊపిరి లెక్కపెట్టి, డొక్కలు ఎగరేయడం లేదని చూసుకుని, సూది అక్కర్లేదన్నాడట.

"బాగా చేశావు. మళ్లీ ఎప్పుడు రమ్మన్నావు?"

"మళ్లీ ఎందుకండీ? ఏం కాదని ధైర్యం చెప్పి పంపించాను."

ఆమె భుజం మీది సంచి దించబోయి ఆగిపోయారు. "బండి తియ్యి, పైడమ్మ ఇంటికి" అన్నారు.

దారి పొడుగునా సోమనాథ్ లెక్కలు చెబుతూనే ఉన్నాడు. ఇలాంటి పిల్లల్లో జబ్బు ముదిరేది ఏ కొద్దిమందికో అన్నాడు. సగం మాటలు గాలికి ఎగిరిపోతున్నా ఆపలేదు. నిజం చెప్పొద్దూ, ఆ లెక్కలు ఆమె కోసం కాదు, తన భయం అణుచుకోవడానికి. వెనక కూర్చున్న పెద్దావిడ మాత్రం "కాస్త తొందరగా పోనీ" అన్నారు.

పైడమ్మ గడపలో కూర్చుని బిడ్డను ఊపుతోంది. బిడ్డ రొమ్ము పట్టడం లేదు. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి.

"మద్దేన్నించీ ఇలాగే ఉన్నాడు. ఆస్పత్రికెల్దామని మా అత్త ఒకటే గోల. డాట్రు బావు ఏటీ కాదన్నాడని నానే ఊరుకోబెట్టీసినాను" అంది, మంచి పని చేశానన్నట్టు.

సుభద్రమ్మ గారు సంచి తెరిచి బిడ్డకు యాంటీబయాటిక్ సూది వేశారు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లడానికి అంబులెన్సుకు ఫోన్ చేశారు. అది వచ్చేదాకా సోమనాథ్ కాలు ఒకచోట నిలవలేదు. వీధి చివరికి వెళ్తాడు, తొంగి చూస్తాడు, మళ్లీ వస్తాడు.

"పొద్దున్నే మందు ఇచ్చి ఉండాల్సింది" అన్నాడు చివరికి.

"పొద్దున మందు అక్కర్లేదు. అందులో తప్పు లేదు."

ఆమె వంగి మళ్లీ బిడ్డ ఊపిరి లెక్కపెట్టసాగారు. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

అంబులెన్సు వచ్చింది. బిడ్డకు ఆక్సిజన్ పెట్టారు. పైడమ్మ బండెక్కి, సోమనాథ్ వైపు తిరిగి అడిగింది. "బతుకుతాడా బావూ?"

ఇలాంటి పిల్లల్లో ఎంతమంది కోలుకుంటారో అతనికి కంఠతా వచ్చు. కానీ ఆ లెక్కలో ఈ బిడ్డ ఎటువైపో తెలియదు. దిక్కుతోచక సుభద్రమ్మ గారి వైపు చూశాడు.

"నువ్వూ ఎక్కు" అన్నారు ఆమె. "బిడ్డ డొక్కల్లో ఏం చూడాలో ఆమెకు చూపించు. ఆసుపత్రి వచ్చేదాకా ఇద్దరూ చూస్తూ ఉండండి."