మొన్నటి శ్రుతి

పురుడయ్యాక హైమవతికి గుండె బలహీనపడింది. హార్ట్ ఫెయిల్యూర్ అన్నారు డాక్టరు. గుండె ఆగిపోతుందేమోనని ఇంటిల్లిపాదీ ఏడిస్తే, ఆగడం కాదు, నీరసించిందంతే అని ఆయనే సర్దిచెప్పారు. కోత అక్కర్లేదు. మందులు వేసుకోవాలి, ఉప్పు తగ్గించాలి, రోజూ పొద్దున బరువు చూసుకుని కాసేపు ఛాతీకి ఒక బెల్టు కట్టుకోవాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంటే ఆయాసం రాకముందే ఆ బెల్టు ఫోనులో చెప్పేస్తుంది.

రెండేళ్ల తర్వాత హైమ మొదటి వీణ కచేరీ. ఇంకో వారమే ఉంది. ఈవిడగారు బెల్టు బీరువాలో పడేసింది! దాన్ని చూస్తే తను రోగిష్ఠిదని గుర్తొస్తోందట. మా కాశీపతి మాస్టారి శిష్యుల్లో ఇంత మొండిది ఇంకొకతె లేదు.

సాధనకి వచ్చినప్పుడు మాస్టారు అడిగారు.

"ఇవాళ చూసుకున్నావా అమ్మా?"

"మొన్న చూసుకున్నానండీ. బాగానే ఉంది. రోజూ ఎందుకు?"

ఆయన వీణ ముందుకు లాక్కుని తిన్నగా మోహన ఎత్తుకున్నారు. ఎండకి తీగలు సడలిపోయి ఉన్నాయి. రాగం కాదది, ఏడుపు. శ్రుతి వెంట్రుకవాసి తప్పితే మమ్మల్ని కోప్పడే మనిషి, కళ్లు మూసుకుని హాయిగా వాయించేస్తున్నారు.

హైమ పళ్లు బిగబట్టి ఓర్చుకుంది. ఇక ఆగలేక తీగ బిగించే బిరడా మీద చెయ్యి వేసింది.

"శ్రుతి తప్పింది గురువుగారూ!"

"మొన్న చేశాం కదమ్మా. బాగానే ఉంది."

హైమ చెయ్యి అక్కడే ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. లేచి ఇంటికి వెళ్లింది.

బెల్టు కట్టుకుంటే నీరు చేరుతోందని తెలిసింది. ఆయాసం ఇంకా మొదలవలేదు. డాక్టరు వెంటనే మాత్ర మోతాదు మార్చారు. కచేరీ నాటికి అంతా సర్దుకుంది, వాయించమన్నారు.

ఆ సాయంత్రం మేమంతా చూస్తుండగానే హైమ బెల్టు కట్టుకుని ఫోను చూసుకుంది. వేదికెక్కి బిరడాలు సవరించుకుంది. తానం అందుకుంది చూడండీ, ఏం చెప్పను! హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మాకు కళ్లనీళ్లు ఆగలేదు. గెలిచింది పిల్ల!

మెడలో దండతోనే వచ్చి మాస్టారి కాళ్లకి దండం పెట్టింది. ఆయన తల నిమిరారు.

"రేపు పొద్దున మళ్లీ చూసుకో తల్లీ," అన్నారు. "రెండూ."