ఎటో అనే ఊరు

హంపమ్మకు వచ్చిన చిక్కు ఇది: బల్ల మీదికి మిలటరీని దింపాలి. చౌకగా దింపాలి. క్లబ్బు పండగలోపల దింపాలి.

బల్ల అంటే రైలు బల్ల. గుంతకల్లులో ఒక పాత క్లబ్బు ఉంది. దాని వెనక హాల్లో, చెక్కల మీద పరిచిన బొమ్మ ఊరు ఒకటి ఉంది. అరచేతిలో పట్టే ఇంజను చిన్న చిన్న పెట్టెల్ని లాక్కుంటూ ఆ ఊరిని చుట్టి వస్తుంది. స్టేషను, రైలు గేటు, శనక్కాయల అంగడి, రంపపు పొట్టు అద్దిన కొండ, అన్నీ దస్తగిరి సాబు చేతి పనే. ఆయన రైల్వేలో వ్యాగన్ల మీద నంబర్లు రాసే పెయింటరుగా చేసి రిటైరయ్యాడు. ఊరందరికీ సాబు. హంపమ్మకు మాత్రం ఉస్తాద్.

హంపమ్మ రైల్వే ఆసుపత్రిలో ఆయా. డ్యూటీ దిగి వచ్చి ఆయన దగ్గర పని నేర్చుకునేది. మొదట్లో చాలాకాలం ఆయన ఆమె చేత గొర్రెలే చేయించాడు. గొర్రె గొర్రెలా నిలబడ్డాక మనుషులు చేయనిచ్చాడు.

ఆమె కూతురు చైత్ర ఆలూరులో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. రాత్రి డ్యూటీలు పడుతుంటే ఇక్కడ పెట్టుకోవడం కుదరలేదు. హంపమ్మ బిడ్డను ఫోనులోనే పెంచుతోంది. ఏం తిన్నావు, టీవీలో ఏం చూశావు, ఎవరేమన్నారు, నువ్వేమన్నావు. ఫోను పెట్టేశాక అడగాల్సింది ఏదో మిగిలిపోయిందనిపించి మళ్ళీ చేసేది.

"నీ కూతుర్ని నేనేం చెడగొట్టడంల్యా!" అని వాళ్ళమ్మ కసిరేది.

క్లబ్బు పండగకు చైత్ర వస్తోంది. రైలు బల్లను చూడబోవడం అదే మొదలు.

సెక్రటరీ చంద్రమౌళి ఒకరోజు హాల్లోకి వచ్చి, బల్ల అంచున రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"సాబూ, ఈసారి గొర్రెలూ శనక్కాయలూ చాలు. పెద్దోళ్ళు వస్తా ఉండారు. బల్ల మీద మిలటరీ ఉండాల. ట్యాంకులుండాల. ఊరి నడిమధ్యన వరసగా నిలబెట్టాల. చూసినోళ్ళకు రోమాలు లేవాల."

"దుడ్లు?" అంది హంపమ్మ.

"చౌకలో చూసుకో తల్లీ. క్లబ్బు దగ్గర యాడున్నాయి?" నవ్వాడు చంద్రమౌళి. ఆ నవ్వుతోనే, "కుదరదంటే ఇప్పుడే చెప్పండి. ఈ హాలు కోసం క్యారమ్స్ వాళ్ళు నా ప్రాణం తీస్తా ఉండారు. బల్ల ఎత్తేస్తే వాళ్ళకిచ్చేస్తా" అన్నాడు.

దస్తగిరి సాబు గొర్రె కాలొకటి అతికిస్తున్నాడు. తల ఎత్తలేదు.

"మిలటరీ ఉండాల, ట్యాంకులుండాల. అంతే కదా?"

"అంతే."

"సరే."

సెక్రటరీ వెళ్ళిపోయాక హంపమ్మ ఉండబట్టలేక అడిగింది. "అంత తేలిగ్గా ఒప్పుకున్నారేంది ఉస్తాద్? పిల్లోళ్ళు చూసే బల్ల ఇది."

"చెయ్యి బిడ్డా. బాగా చెయ్యి" అన్నాడాయన.

ఆమె బళ్ళారి వెళ్ళి బొమ్మల షాపులో అడిగింది. ఒక్క ట్యాంకు ధర విని, దాన్ని రెండు చేతులతో పట్టుకుని జాగ్రత్తగా అరలో పెట్టేసి వచ్చింది.

తర్వాత ఏరుకోవడం మొదలుపెట్టింది. అగ్గిపెట్టెలు. ఆసుపత్రిలో ప్లాస్టరు అయిపోగా మిగిలిన చుట్టలు. టూత్‌పేస్టు మూతలు. మాత్రల అట్ట మీది బుడిపెలు లారీలకు లైట్లయ్యాయి. పంక్చరు షాపు ముందు పారేసిన సైకిలు ట్యూబు ముక్కలు ట్యాంకు చక్రాల చుట్టూ పట్టాలయ్యాయి. రాయడం మానేసిన పెన్నుల రీఫిళ్ళు ఫిరంగి గొట్టాలయ్యాయి. వార్డు తలుపులకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగులో కాస్త పొయ్యి బూడిద కలిపి పూసింది. దూరం ఎండలో నడిచి వచ్చిన బండి మీది దుమ్ములాగే ఉంది.

పని చేస్తున్నంతసేపూ ఆమెకు ఇంకేదీ గుర్తు రాలేదు. చేతులకు అంత ఆనందంగా ఉంది.

ఉస్తాద్ ఒక ట్యాంకును కంటి ఎత్తుకు లేపి చూశాడు. కింద తిప్పి చూశాడు.

"అగ్గిపెట్టె యాడుందో నాకే తెలీలేదు" అన్నాడు.

హంపమ్మ ముఖం వెలిగింది. "బళ్ళారి షాపులో దానికన్నా మేలు కదా ఉస్తాద్?"

"మేలే."

"గొట్టం కూడా తిరుగుతుంది. గుండుసూది మీద కూర్చోబెట్టినా. ఎటైనా తిరుగుతుంది."

"అట్లనా. ఎటు తిప్పుతావు?"

"ఎటైనా..."

"ఎటైనా తిరుగుతుందిలే. నువ్వు ఎటు తిప్పుతావు?"

ఆయన ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. హంపమ్మ ట్యాంకును ఊరి మధ్య రోడ్డు మీద పెట్టింది.

మొదట స్టేషను వైపు తిప్పింది. ప్లాట్‌ఫారం మీద క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి ఉంది. ఆమె కళ్ళు దిద్దడానికి హంపమ్మ పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. గొట్టం పక్కకు తిప్పింది. గేటు పక్క ఇంటి మిద్దె మీద గేటుమ్యాను భార్య వడియాలు పెడుతోంది. ఇంకొంచెం తిప్పింది. శనక్కాయల అంగడి. ఇంకొంచెం. కొండ. కొండ మీద గొర్రెలు, తను చేసిన మొట్టమొదటి గొర్రెలు, వాటి వెనక తలకు తువ్వాలు చుట్టుకున్న కాపరి.

గొట్టాన్ని పైకి లేపింది. "ఆకాశం వైపు పెడతా ఉస్తాద్."

"పైకి పోయింది మళ్ళీ యాడ పడుతుంది?"

ఆమె గొట్టాన్ని దించి, మొత్తం ట్యాంకునే ఇటువైపు, తన వైపు తిప్పింది. ఇటు ఒక చిన్న ముళ్ళకంప, దాని తర్వాత బల్ల అంచు. ఊపిరి వదిలింది.

"ఇటు ఎవరూ లేరు. బల్ల అయిపోతుంది."

ఉస్తాద్ ముళ్ళకంప పక్కన బల్ల అంచు మీద చెయ్యి పెట్టాడు.

"చైత్ర ఎంత పొడుగుంటాది?" అని అడిగాడు.

హంపమ్మ తన నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించబోయింది. చెయ్యి అక్కడే ఆగింది. తర్వాత మోకాళ్ళు వంచి, కూతురంత ఎత్తుకు దిగింది. గడ్డం సరిగ్గా బల్ల అంచు మీద ఆనింది. కంటికి ఎదురుగా రీఫిలు రంధ్రం. నల్లగా, గుండ్రంగా.



లేచి అన్నీ బుట్టలో వేయసాగింది. "వద్దు ఉస్తాద్. హాలు పోతే పోనీ."

"మిలటరీ ఉండాల, ట్యాంకులుండాల అన్నాడు. సరే అన్నా కదా" అన్నాడాయన. "మాట తప్పేది ఎట్ల?"

బల్ల మీద, స్టేషను బయట ఖాళీ గది ఒకటి ఎప్పటినుంచో అలాగే పడి ఉంది. దాన్ని ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. ఉస్తాద్ బుట్టలోంచి ఒక ట్యాంకు తీశాడు. రీఫిలును చటుక్కున పీకాడు. ఆ గది పైకప్పుకు దబ్బనంతో బొక్క పొడిచి, రీఫిలును అందులో నిలబెట్టాడు.

పొగగొట్టం.

తర్వాత నాలుగు వెంట్రుకలు మాత్రమే మిగిలిన బ్రష్షు తీసుకుని, గది నుదుటి మీద ఏదో రాశాడు. వ్యాగన్ల మీద జీవితమంతా రాసిన చెయ్యి ఇప్పటికీ వణకదు. హంపమ్మ వంగి చదివింది.

*మిలటరీ హోటలు.*

మాంసం వండిపెట్టే హోటలును ఆ వైపు అలాగే అంటారు. ప్రతి బస్టాండు పక్కనా ఒకటి ఉంటుంది. హంపమ్మకు నవ్వు వచ్చింది. వచ్చి, మిగిలిన ట్యాంకులు గుర్తొచ్చి సగంలో ఆగింది.

ఉస్తాద్ గొట్టం పోయిన ట్యాంకును ఆమె చేతిలో పెట్టాడు. "మీ వీధిలోకి ట్యాంకు వచ్చిందంటే ఏం పట్టుకుని ఉరుకుతారు?"

"బిందెలు."

"మరింకేం? పో, వంట మొదలుపెట్టు."

పండగ రోజు హాలు నిండిపోయింది. పిల్లలు బల్ల చుట్టూ గడ్డాలు ఆనించి నిలబడ్డారు. మిలటరీ లారీలు హోటలు ముందు ఆగి ఉన్నాయి. జవాన్లు దిగారు. ఒకడు చేతులు కడుక్కుంటున్నాడు. ఒకడు బానెట్టు మీద నిద్రపోతున్నాడు. ఒకడు ఫోను చెవికి ఆనించుకుని, రెండో చెవి మూసుకుని, గోడ వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. పొగగొట్టంలోంచి సన్నగా పొగ లేస్తోంది. హోటల్లో అగరొత్తి ముక్క పెట్టింది హంపమ్మ.

ఊరి నడిమధ్యన, గొట్టాలు పీకేసిన ట్యాంకులే నీళ్ళ ట్యాంకులై నిలబడ్డాయి. వాటి ముందు వరసగా బిందెలు. వరస చివర ఇద్దరు ఆడవాళ్ళు ఒకే బిందె పట్టుకుని లాగుతున్నారు.

చైత్ర అమ్మమ్మ చెయ్యి వదిలించుకుని వచ్చి, ముళ్ళకంప ఉన్న చోటే గడ్డం ఆనించింది.

"అమ్మా, ఆ హోటల్లో ఏం వండుతా ఉండారు?"

"నువ్వే చెప్పు."

"కోడికూర. ఆ ఫోనాయన తినకుండానే పోతాడా?"

"పోడు. తోటోళ్ళు పిలుస్తారు."

చంద్రమౌళి పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బల్లను ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా చూశాడు.

"మిలటరీ ఏదీ?"

"అదో సార్. బోర్డు సదవండి" అంది హంపమ్మ.

"ట్యాంకులు?"

"బిందెల కాడ. వరసగానే పెట్టినా."

ఎవరో ఫక్కున నవ్వారు. వెనకనుంచి ఇంకెవరో, "సార్, చారు తక్కువైందంట, వెయ్యమనండి!" అని అరిచారు. హాలంతా గొల్లుమంది. పెద్దమనుషుల్లో ఒకాయన కూడా నవ్వి, చంద్రమౌళి ముఖం చూసి మానుకున్నాడు.

"ఎగతాళి చేస్తా ఉండారా? ట్యాంకుల బొమ్మలు ఏమైనాయి? గొట్టాలు యాడ?"

దస్తగిరి సాబు ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. హంపమ్మ ఆయన వైపు చూసింది. ఆయన బల్ల వైపు చూస్తున్నాడు.

ఆమె సంచిలోంచి ఒక ట్యాంకు తీసింది. గొట్టం పీకనిది.

"ఒకటి ఉంచినా సార్. మీరే పెట్టండి. గొట్టం ఎటు తిప్పాలో మీరే తిప్పండి."

చంద్రమౌళి దాన్ని లాక్కుని రోడ్డు మధ్యన పెట్టాడు. గొట్టం ఒక పక్కకు తిప్పాడు. ఆ పక్క అంచున నిలబడ్డ పిల్లవాడు గడ్డం తీసి వెనక్కి జరిగాడు. ఇంకో పక్కకు తిప్పాడు. అక్కడి పిల్లలూ జరిగారు. ముళ్ళకంప వైపు తిప్పాడు. చైత్ర జరగలేదు. గడ్డం అక్కడే ఉంచి, గొట్టం మీదుగా ఆయన ముఖంలోకి చూసింది.

చంద్రమౌళి చెయ్యి గొట్టం మీదే ఉంది.

"ఎటో ఒకవైపు పెట్టమ్మా! బొమ్మే కదా!" అన్నాడు విసుగ్గా.

హంపమ్మ గొంతు ఆ హాల్లో ఎప్పుడూ పైకి లేచింది లేదు. ఇప్పుడు లేచింది.

"ఎటో అనే ఊరు ఈ బల్ల మీద లేదు సార్. ప్రతి ఇల్లూ మేం కట్టిందే, ప్రతి మనిషీ మేం చేసినోడే. ఉంటే మీరే చూపించండి. అటే తిప్పుతా."

ఎవరూ నవ్వలేదు. రైలు ఒక్కటే చప్పుడు చేసుకుంటూ తిరుగుతోంది.

"రేపు పొద్దున్నే హాలు ఖాళీ కావాల" అన్నాడు చంద్రమౌళి.

"అయితాది" అంది హంపమ్మ.

మర్నాడు పొద్దున హంపమ్మా ఉస్తాదూ తోపుడుబండి తెచ్చారు, వెంట చైత్ర. బల్లను విడగొడుతుంటే క్యారమ్స్ ఆడే కుర్రాళ్ళు తలుపు దగ్గర తచ్చాడారు. కాసేపటికి లోపలికి వచ్చి చెక్కలు మోశారు. కొండ ఒకడి భుజం మీద బయటికి పోయింది. స్టేషనూ హోటలూ ఉన్న చెక్క పైన ఉండేలా పేర్చి తాళ్ళు కట్టారు. హంపమ్మ ఎన్నిసార్లు కట్టినా ముడి పడటం లేదు.

"నా నోటి వల్ల మీ ఊరు వీధిలో పడింది ఉస్తాద్."

ఆయన ఆమె చేతిలోంచి తాడు తీసుకుని ముడి వేశాడు.

బండి క్లబ్బు గేటు దగ్గరికి వచ్చింది. గేటు పక్కన చంద్రమౌళి నిలబడి ఉన్నాడు. ఎండ అప్పుడే ఎక్కుతోంది, గాలి వీస్తోంది.

"ఆపు" అన్నాడు ఉస్తాద్.

జేబులోంచి అగరొత్తి ముక్క తీశాడు. అగ్గిపుల్ల గీసి వెలిగించి, హోటలు తలుపులోంచి లోపలికి జొనిపాడు. కాసేపటికి రీఫిలులోంచి పొగ లేచింది. చంద్రమౌళి అటే చూస్తున్నాడు. ఉస్తాద్ అతని వైపు చూడలేదు.

"ఇప్పుడు యాడికి పోదాం ఉస్తాద్?" అని అడిగింది హంపమ్మ.

"ముందు పొయ్యి ఆరకుండా చూడు."

బండి కదిలింది. హంపమ్మ గాలికి అడ్డంగా చెయ్యి పెట్టి పక్కనే నడిచింది. బండికి అటువైపు నుంచి చైత్ర కూడా చెయ్యి పెట్టింది.