పొట్టికాలి కింద పుస్తకం

చయనులు గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే ఉన్నచోట జవాబు చెప్పేవారు కాదు. కండువా భుజాన వేసుకుని, చేతికర్ర అందుకుని, "పద, మీ ఇంట్లో కాఫీ తాగి చాలా రోజులైంది" అనేవారు. ప్రశ్న అడిగినవాడు ముందు, ఆయన వెనక. వెళ్ళి కూర్చుని, కాఫీ తాగి, ఇల్లంతా ఒకసారి కలయజూసి, ఒక మాట అని వచ్చేసేవారు. ఆ మాట జవాబో కాదో తేల్చుకోవలసింది శిష్యుడే. అందుకే విజయనగరంలో ఆయన దగ్గర తర్కం చదువుకునేవాళ్ళు నోరు తెరిచేముందు ఇంట్లో పాలున్నాయో లేదో కనుక్కునేవారు. పాలు లేని కారణంగా సందేహాలు తీరకుండా ఉండిపోయినవాళ్ళు కూడా ఉన్నారని ఊళ్ళో చెప్పుకుంటారు.

దాలినాయుడు పాల సంగతి కనుక్కోకుండానే అడిగేశాడు.

అతను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. పగలు పిల్లలకు వేగాలూ బలాలూ చెప్పి, సాయంత్రం చయనులు గారి అరుగు మీద కూర్చుని తర్కం వినేవాడు. ఆ అరుగు మీద రెండు పాఠాలు నడిచేవి. చిన్నపాఠానికి చిటికెన వేలి మందాన పసుపు అట్ట పుస్తకం, చయనులు గారి గురువుగారు ఎప్పుడో అచ్చు వేయించింది. పెద్దపాఠానికి మూడు సంపుటాలు, ఒక్కొక్కటీ ఇటుకంత. చిన్నపాఠం అయినవాడు పసుపు పుస్తకాన్ని తిరిగి గురువుగారి చేతిలో పెట్టాలి. ఆయన పుచ్చుకుంటే పెద్దపాఠంలో చేరినట్టు. వేరే పరీక్ష లేదు. రాబోయే విజయదశమికి పెద్దపాఠం మళ్ళీ మొదలవుతుందనీ, తన వయసుకు ఇదే ఆఖరిసారనీ చయనులు గారు ముందే చెప్పి ఉంచారు. దాలినాయుడికి ఆ మాట విన్న దగ్గర్నుంచి నిద్ర సరిగా పట్టడం లేదు. ఈసారి తప్పితే ఇక లేదు.

చిన్నపాఠం అతను వింటున్నది రెండోసారి. మొదటిసారి కొత్తగా ఉంది. రెండోసారి తను కాలేజీలో చెప్పే పుస్తకాల పక్కన అది మరీ చిన్నపిల్లల వ్యవహారంలా తోచింది. దశమికి తనకు పిలుపు ఖాయమనుకుని పెద్దపాఠం సంపుటాలు మూడూ పోస్టులో తెప్పించేశాడు.

అవి వచ్చిన రోజున అతని భార్య గౌరీశ్వరి గుమ్మంలోనే నిలబడి, "ఎక్కడ పెడతారు?" అంది.

న్యాయమైన ప్రశ్న. ఆ ఇంట్లో పుస్తకాలు లేని చోటు లేదు. కుట్టుమిషను మీద పుస్తకాలు, బియ్యం డబ్బా మీద పుస్తకాలు. చుట్టాలు వస్తే కుర్చీలో పుస్తకాలు తీసి మంచం మీద పెట్టాలి, వాళ్ళు పడుకుంటామంటే మంచం మీదవి తీసి కుర్చీలో పెట్టాలి.

"మనింట్లో పుస్తకాలున్నాయో, పుస్తకాల ఇంట్లో మనం ఉన్నామో ముందు అది తేల్చండి. చదివేది తర్కమే కదా" అంది గౌరీశ్వరి. "వడ్రంగిని పిలిచి అలమర చేయించండి."

దాలినాయుడు వడ్రంగిని పిలవలేదు. ఫోనులో ఒక వీడియో చూశాడు. అందులో గడ్డం మనిషి ఒకడు, పక్కన పెట్టుకున్న టీ చల్లారేలోగా అలమర చేసి నిలబెట్టి, దాని ముందు చేతులు కట్టుకుని నవ్వాడు. బలాలూ తూనికలూ తెలిసిన తనకు ఇదొక లెక్కా అనుకున్నాడు దాలినాయుడు. అద్దె ఇల్లు కాబట్టి గోడకు మేకు కొట్టడానికి వీల్లేదు. నాలుగు కాళ్ళ మీద విడిగా నిలబడే అలమర అని నిర్ణయించాడు. చెక్కలు కొన్నాడు. రంపం ఎరువు తెచ్చుకున్నాడు. కొలవడానికి కాలేజీ నుంచి మీటరు స్కేలు పట్టుకొచ్చాడు.

ఆ స్కేలు గురించి ఒక మాట చెప్పాలి. ఎన్నో ఏళ్ళుగా పిల్లల చేతుల్లో పడి దాని మొదలు అరిగిపోయింది. సున్నా గీత ఉండవలసిన చోట నున్నటి చెక్క ఉంది. అందుకని సున్నా నుంచి కాకుండా ఒకటి నుంచి కొలిచి, వచ్చిన దాంట్లోంచి ఒకటి తీసేయాలి. ఈ ముక్క దాలినాయుడు ఏటేటా బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కూడా గీసేవాడు. అలమరకు మూడు కాళ్ళు ఆ ప్రకారమే కొలిచి కోశాడు. నాలుగో కాలు దగ్గరకు వచ్చేసరికి పని అయిపోవచ్చిందన్న ఉత్సాహంలో ఉన్నాడు. ఒకటి నుంచి మొదలుపెట్టాడు. తీసేయవలసిన ఒకటిని మరిచిపోయాడు.

అలమర నిలబడింది, మూడు కాళ్ళ మీద. నాలుగోది నేలకు తగలకుండా గాలిలో ఉండి, ఇంట్లో ఎవరు నడిచినా టక్కుమనేది.

"గుర్రాన్ని కట్టేసినట్టుంది" అంది గౌరీశ్వరి.

దాలినాయుడు పొట్టికాలి కింద అట్టముక్క మడిచి పెట్టాడు. వానాకాలపు చెమ్మకు అది తెల్లారేసరికి అప్పడమైంది. పగిలిన టైలు ముక్క పెట్టాడు. అది జారి వంటింట్లోకి వెళ్ళింది. విసుగొచ్చి పెద్దపాఠం మొదటి సంపుటం తోశాడు. అలమర అటు పక్క పైకి లేచి, ఇటు పక్కకు ఒరిగి, గౌరీశ్వరిని కుట్టుమిషను వెనక్కి తరిమింది. అప్పుడతని చెయ్యి పసుపు అట్ట పుస్తకం మీద పడింది. పెట్టి చూశాడు. అలమర అతుక్కున్నట్టు నిలబడిపోయింది.

"చూశావా గౌరీ! సరిగ్గా సెంటీమీటరు!"

"పోయింది దొరికిందన్నమాట" అంది ఆవిడ.

పుస్తకాన్ని నేల మీద, అందులోనూ కాలి కింద పెట్టినందుకు దాలినాయుడికి కొంచెం బెరుకుగానే ఉంది. కాని తర్కం తెలిసినవాడు కనుక ఆలోచించాడు. ఈ పుస్తకం నాకు నోటికి వచ్చు. నోటికి వచ్చిన పుస్తకం చేతిలో ఉండనక్కర్లేదు. కనుక ఎక్కడున్నా ఒకటే. దాన్ని ఒకసారి తీసి కళ్ళకద్దుకుని, మళ్ళీ అక్కడే పెట్టి, పై అరలో ఇటుకల్లాంటి మూడు సంపుటాలూ, కింది అరల నిండా తక్కినవీ సర్దేశాడు.

ఆ తరవాత అరుగు మీదకు చేతులూపుకుంటూ వెళ్ళడం మొదలుపెట్టాడు. తక్కినవాళ్ళు పుస్తకం తెరిచి చూస్తూ వింటుంటే, అతను కళ్ళు మూసుకుని వినేవాడు. ఒక సాయంత్రం ఆగలేక అడిగాడు.

"గురువుగారూ, ఈ పసుపు పుస్తకంతో నాకు పని అయిపోయిందండి. ఇంకా ఎన్నాళ్ళు దీన్ని పట్టుకుని వేలాడాలి?"

చయనులు గారు కండువా భుజాన వేసుకున్నారు.

దారిలో దాలినాయుడు నాలుగడుగులు ముందుకు నడిచి ఫోను చేశాడు. "గౌరీ, పాలున్నాయా?"

"ఏం అడిగారు మీరు?"

చయనులు గారు కుర్చీలో కూర్చోరు. గౌరీశ్వరి పీట వేసింది. అలమర ఎదురుగా పీట మీద కూర్చుని, వేడి కాఫీ గ్లాసు కండువా కొంగుతో పట్టుకుని, ఆయన పై అర నుంచి కిందికి చూసుకుంటూ వచ్చారు.

"నువ్వే చేశావా, నాయుడూ?"

"నేనేనండి."

చయనులు గారు చేతికర్రతో అలమరను కొద్దిగా తోశారు. కదల్లేదు. "బాగా నిలబెట్టావే!"

దాలినాయుడి ఛాతీ పొంగింది. గౌరీశ్వరి దగ్గింది. ఈలోగా గురువుగారి చూపు కాళ్ళ దాకా వచ్చింది. పీట మీద కూర్చున్న మనిషికి ఆ పసుపు రంగు కనబడకుండా ఉండే అవకాశం లేదు.

"ఆ కాలు పొట్టి అయిందా?"

"ఒక్క సెంటీమీటరేనండి." స్కేలు సంగతీ, అరిగిన మొదలు సంగతీ, ఒకటి తీసేయడం మరిచిన సంగతీ దాలినాయుడు చెప్పాడు. చెబుతున్నకొద్దీ గొంతు తగ్గింది.

"ఆ ఒకటి తీసేయాలన్నది పిల్లలకు ఎప్పుడు చెబుతావు?"

"మొట్టమొదటి ప్రాక్టికల్లోనండి."

"గుర్తుంటుందా వాళ్ళకి?"

"మార్చి దాకా ఉంటుందండి."

చయనులు గారు కాఫీ ఒక గుక్క తాగి గ్లాసు నేల మీద పెట్టి, చెయ్యి చాచారు.

"సరే. పని అయిపోయిందన్నావుగా. పుస్తకం ఇలా ఇయ్యి. దశమికి పెద్దపాఠానికి రా."

ఆ మాట కోసమే దాలినాయుడు ఇన్నాళ్ళూ కాచుకుని ఉన్నాడు. సంతోషంలో ఇంకేమీ ఆలోచించకుండా వంగి, పసుపు పుస్తకం అంచు పట్టుకుని లాగాడు. అది సగం వచ్చింది. అలమర ఎంతో వినయంగా గురువుగారి వైపు వంగింది.

"అయ్యబాబోయ్! గురువుగారూ, జరగండి!" గౌరీశ్వరి పరుగున వచ్చి భుజం ఆనించింది. పై అరలో మూడు సంపుటాలూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. మూడోది రెండోదాన్ని, రెండోది మొదటిదాన్ని. మొదటిది సూటిగా వచ్చి గ్లాసు మీద పడింది. గురువుగారికి చేసిన కాఫీలో మిగిలిన సగం పెద్దపాఠం మొదటి సంపుటం తాగింది.

"లోపలికి తోయండి! పుస్తకం లోపలికి తోయండి!" అని అరిచింది గౌరీశ్వరి.

దాలినాయుడు పుస్తకాన్ని మళ్ళీ కాలి కిందకు తోశాడు. అలమర నిటారుగా నిలబడింది. అతను మాత్రం లేవలేదు. అలా మోకాళ్ళ మీదే ఉండి, ఒక చేత్తో పసుపు అట్ట అంచు పట్టుకుని, చాచిన గురువుగారి చేతి వంక చూస్తున్నాడు. ఆ చెయ్యి బెత్తెడు దూరంలో ఉంది.

"ఇంకో ప్రతి ఎక్కడైనా తెచ్చి ఇస్తానండి" అన్నాడు.

"నీకిచ్చింది ఇదిగదా."

"పోనీ, వీటన్నిటినీ దింపేసి..."

"దింపండి!" అంది గౌరీశ్వరి, భుజం తియ్యకుండానే. "మంచం మీద పెట్టండి. నేను కుర్చీలో పడుకుంటాను."

చయనులు గారు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, తడిసిన సంపుటాన్ని కండువాతో అద్ది పక్కన పెట్టారు. కర్ర ఊతంగా లేచారు. గుమ్మం దాకా వెళ్ళి, అలమర కాలి వైపు మళ్ళీ ఒకసారి చూశారు.

"దానితో నీకు పని అయిపోయింది నాయుడూ, ఒప్పుకున్నాను. దానికే ఇక్కడ ఇంకా పని ఉన్నట్టుంది. దశమికి టైముందిలే, చూసుకో."