హైమ రుద్దిన ఇరుసు

అనకాపల్లిలో తొమ్మిదో తరగతి చదివే హైమావతికి, తన వస్తువేదీ మాసిపోయిగాని విరిగిపోయిగాని పరాయివాళ్ల కంట పడకూడదనే పట్టుదల ఉండేది. చిరిగిన పుస్తకానికి రంగు కాగితంతో అట్ట వేసేది. తెగిన చెప్పుకి పిన్ను పెట్టుకొని, ఆ పిన్ను ఎవరికీ కనపడకుండా పాదం ఒక పక్కకి వంచి నడిచేది. ఇంటికి ఎవరైనా వస్తే సొట్టపడిన గ్లాసు తనే తీసుకొని, ఆ సొట్ట అరచేతి కిందకి వచ్చేలా పట్టుకొని తాగేది. శుభ్రంగా ఉండడం మంచిదే, నేను కాదనను. కానీ హైమది శుభ్రత కాదు, భయం. చూసినవాళ్లు నవ్వుతారేమోనని ఆ పిల్లకి ఎప్పుడూ భయంగా ఉండేది.

హైమ నాన్న సన్యాసిరావు ఆటో నడిపేవాడు. ఆటో అతనిది కాదు, పైడిరాజు అనే ఆసామిది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం జనాన్ని ఎక్కించుకొని వస్తుండగా ఆటో మలుపు దగ్గర బోర్లాపడింది. అందులో ఉన్న ఒక ముసలమ్మకి కాలు విరిగింది. ఆటో వెనక ఇరుసు రెండు ముక్కలైంది. సన్యాసిరావు కునుకు తీశాడని కొందరన్నారు, తాగి ఉన్నాడని కొందరన్నారు. అతను తాగడని తెలిసినవాళ్లు కూడా ఆ ముక్క గట్టిగా చెప్పలేదు.

"నాను నిద్దరోలేదు బాబూ. ఇరుసే ముందు ఇరిగింది. ఆ తరవాతే బండి పడింది" అన్నాడు సన్యాసిరావు.

పైడిరాజు తల అడ్డంగా ఊపాడు. "బండి పడింది కాబట్టి ఇరుసు విరిగింది. నీ మాట నువ్వు చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? ఇరుసే ముందు విరిగిందని చదువుకున్నవాళ్లెవరిచేతైనా చెప్పించు. మర్నాడే తాళం నీ చేతిలో పెడతాను. ఆ ముసలమ్మ ఇంటికి నేనే వెళ్లి తప్పు నీది కాదని చెబుతాను."

సన్యాసిరావు మెకానిక్ షెడ్డుకి వెళ్లి, పాత ఇనుము కుప్పలోంచి ఆ ఇరుసు ముక్కలు రెండూ ఏరుకొచ్చాడు. వేరువేరుగా గోనెపట్టాలో చుట్టి మంచం కింద పెట్టాడు. అతని తరఫున చెప్పడానికి ఆ ముక్కలు తప్ప ఇంకేమీ లేవు. వేరే ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు.

అలాంటి రోజుల్లో సైన్సు చెప్పే గౌరీపతి మాస్టారు తరగతిలో ఒక కబురు చెప్పారు. పట్నంలో ఒక విశ్వవిద్యాలయంవాళ్లు బడి పిల్లల్ని ఒకరోజు తమ దగ్గరికి పిలుస్తున్నారు. ఇనుము ఎందుకు వంగుతుంది, గాజు ఎందుకు పగులుతుంది, ఏ వస్తువు ఎంత బరువు మోస్తుంది అని చదివే చదువు ఒకటుంది. దాన్ని పదార్థ శాస్త్రం అంటారు. ఆ రోజు పిల్లలు చూసి చప్పట్లు కొట్టడం కాదు, తమ చేతుల్తో తామే చేసి చూడాలి.

"వచ్చేవాళ్లు మీ ఇంట్లో విరిగిన ఇనుప వస్తువు ఒకటి తెచ్చుకోండి. ఒక్క మాట జాగ్రత్తగా వినండి. దాన్ని తుడవకండి, కడగకండి. రెండు ముక్కలుంటే సరిగ్గా అతుకుతాయో లేదో అని ఒకదానికొకటి ఆనించి కూడా చూడకండి. ఎందుకో అక్కడ మేడం చెబుతారు" అన్నారు మాస్టారు.

బడి అయ్యాక హైమ ఆయన వెనకాలే వెళ్లింది. "మాస్టారూ, ఆటో ఇరుసు తెచ్చినా చూస్తారా?"

మాస్టారికి సంగతి అర్థమైంది. "తప్పకుండా చూస్తారమ్మా. ఏది ఎందుకు విరిగిందో చెప్పడమే అక్కడి సుభద్ర మేడం పని. నేను ఫోన్ చేసి మీ నాన్న విషయం చెప్పి ఉంచుతాను. నిజంగా ఇరుసే ముందు విరిగి ఉంటే కాగితం మీద రాసి ఇస్తారు" అన్నారు.

హైమ ఆ మాట ఇంట్లో చెప్పింది. "నిజంగా రాసిత్తారేటమ్మా?" అని సన్యాసిరావు రెండోసారి చెప్పించుకొని విన్నాడు. ఆ రాత్రి చాన్నాళ్ల తరవాత కడుపునిండా అన్నం తిన్నాడు.

హైమకి మాత్రం వేరే దిగులు పట్టుకుంది. గోనె విప్పి చూస్తే ఇరుసు ముక్కలు తుప్పుతో, నల్లటి గ్రీజుతో, మట్టితో అసహ్యంగా ఉన్నాయి. పట్నం బళ్ల పిల్లలు టైలు కట్టుకొని వస్తారు. అందరి ముందూ ఈ మసిముద్ద బల్ల మీద పెట్టాలి. ఇప్పటికే వీధిలో నాన్నని చూసి మూతులు తిప్పుకుంటున్నారు, అక్కడ కూడా నవ్వించుకోవాలా అనుకుంది. మాస్టారు చెప్పింది గుర్తులేక కాదు. 'నాలాంటివాళ్లు శుభ్రమైన వస్తువు తేలేక రావడమే మానేస్తారని అలా అని ఉంటారు, మెరిసేది తీసుకెళ్తే ఎవరు కాదంటారు' అని తనకి తనే సర్దిచెప్పుకుంది. మనకి ఇష్టమైన పని చెయ్యడానికి కారణాలు ఎక్కడెక్కడినుంచో పరిగెత్తుకొస్తాయి.

నాన్న కూలిపనికి వెళ్లిన సమయం చూసి ఆ పిల్ల పనిలోకి దిగింది. ముక్కల్ని చింతపండు నీళ్లలో నానబెట్టింది. పీచుతో తోమింది. విరిగినచోట తుప్పు గీతలు గీతలుగా పట్టి ఉంది, అది ఎంత తోమినా పోలేదు. గరుకు కాగితం పెట్టి రుద్దింది. అదీ చాలక నాన్న సామాన్లలోంచి ఇనుము అరగదీసే ఆకురాయి తీసి, చేతులు బొబ్బలెక్కేదాకా రాకింది. చివరికి విరిగినచోట రెండు ముఖాలూ తళతళలాడాయి. వాటిని ఒకదానికొకటి ఆనించి చూసుకుంది, చక్కగా కూర్చున్నాయి. అలాగే కలిపి, అంచుకి పువ్వులు కుట్టిన కొత్త తువ్వాలులో గట్టిగా కట్టింది. ఆ కట్టు విప్పొద్దని నాన్నకి చెప్పింది. అతను విప్పలేదు.

ఆ రోజు సన్యాసిరావు కూడా పట్నం వచ్చాడు. ఉన్న వాటిలో మంచి చొక్కా ఇస్త్రీ చేయించుకొని తొడుక్కున్నాడు. దారిపొడవునా మూట అతని ఒళ్లోనే ఉంది. గతుకుల్లో బస్సు ఎగిరినప్పుడల్లా లోపల ఇనుము ఇనుముని రాసుకున్న చప్పుడు వినిపించింది. విశ్వవిద్యాలయం గేటు దగ్గర, పెద్దవాళ్లు కూడా లోపలికి రావచ్చని అక్కడివాళ్లు చెప్పారు. హైమ నాన్న చేతుల వంక చూసింది. గోళ్ల సందుల్లో నలుపు ఇంకా పోలేదు.

"నువ్వు ఇక్కడే ఉండు నాన్నా. నేను చూపించుకొస్తాను" అంది.

"అలాగేనమ్మా. నువ్వైతే బాగా సెప్తావు" అని అతను గేటు పక్క చెట్టు నీడలో కూర్చున్నాడు.

లోపల పిల్లలకి పండగలా ఉంది. ఒక యంత్రం రెండు దవడల మధ్య రాగి తీగని బిగించి, పిల్లల చేతే చక్రం తిప్పించారు. తీగ సాగి సాగి, నడుమ సన్నబడి టప్పుమని తెగింది. తలలో పెట్టుకునే ఇనుప పిన్నుని మంటలో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి వంచితే, అంతవరకు వంగిన పిన్ను అప్పడంలా విరిగిపోయింది. ఇంకొక తీగని ఎలా మెలిపెట్టినా వేడినీళ్లలో వెయ్యగానే మళ్లీ తిన్నగా అయిపోయింది. అది చూసి హైమ పకపకా నవ్వింది. ఆ పిల్ల అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

మధ్యాహ్నం సుభద్ర మేడం భూతద్దంలాంటి పెద్ద కటకం ముందు కూర్చొని, ఎవరు తెచ్చిన వస్తువులు వాళ్లని చూపించమన్నారు. మొదట హైమ తరగతిలోని ఫర్జానా వెళ్లింది. సైకిలు పెడలు విరిగిన ముక్క తెచ్చింది. బురద ఎండి అట్టలు కట్టి ఉంది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

మేడం ముఖం మాత్రం వెలిగిపోయింది. "శభాష్, తుడవకుండా తెచ్చావు" అని, బురద పక్కకి ఊదేసి, విరిగిన ముఖాన్ని కటకం కింద పెట్టి అందర్నీ చూడమన్నారు. "సముద్రం ఒడ్డున అల వెనక్కి పోయాక ఇసుకలో గీత మిగులుతుంది చూశారా? ఇక్కడ వరసగా అలాంటి గీతలున్నాయి. ముందు ఈ మూల చిన్న చీలిక పడింది. తొక్కినప్పుడల్లా అది కొంచెం కొంచెం లోపలికి పాకింది. అందుకే ఈ భాగం తుప్పు పట్టింది. మిగిలిన ఈ కాస్త భాగం గరుకుగా కొత్తగా ఉంది, అది చివరి రోజు ఒక్కసారిగా తెగింది. ఇది నెలల తరబడి విరుగుతూ వచ్చింది. తుడిచినా, ముక్కల్ని ఒకదానికొకటి ఆనించినా ఈ గీతలు చెరిగిపోతాయి."

"మా అన్నయ్య నేనే విరగ్గొట్టానని తిట్టాడు మేడం" అంది ఫర్జానా.

"నువ్వు ఎక్కకముందే ముప్పాతిక తెగి ఉందని మీ అన్నయ్యకి చెప్పు. కావాలంటే నేను రాసిస్తాను" అన్నారు మేడం నవ్వుతూ.

హైమ నవ్వలేదు. తను ఆకురాయితో రాకిన తుప్పు గీతలు ఆమె కళ్ల ముందు కదిలాయి. పేరు పిలిచేసరికి మూట పట్టుకొని ఎలాగో వెళ్లింది.

"మీ నాన్నగారి ఇరుసు కదమ్మా? మీ మాస్టారు అంతా చెప్పారు. దీనికోసమే ఎదురుచూస్తున్నాను" అంటూ మేడం తువ్వాలు విప్పారు. ఇనుము తళుక్కుమంది. పిల్లలు మెచ్చుకోలుగా చూశారు. మేడం ఒక ముక్క చూశారు, రెండోది చూశారు, మళ్లీ మొదటిది తీశారు.

"దీన్ని ఎవరైనా రుద్దారా?"

"లేదు మేడం. విరిగినప్పుడే ఇలా ఉంది" అంది హైమ. అంత తెలిసీ ఆ అబద్ధమే నోటికొచ్చింది.

మేడం కోప్పడలేదు. ఆ పిల్లని దగ్గరికి తీసుకొని కటకంలోంచి చూపించారు. "ఈ అడ్డగీతలన్నీ ఆకురాయివి తల్లీ. విరుగు గీతలు ఒక్కటి కూడా మిగల్లేదు."

అప్పుడు హైమ ఏడ్చింది. చింతపండు నీళ్ల దగ్గరినుంచి అంతా చెప్పేసింది. "మళ్లీ కనపడేలా చెయ్యలేరా మేడం? మీ దగ్గర ఇన్ని యంత్రాలున్నాయి కదా" అని చేతులు పట్టుకుంది.

"చెరిగిపోయినదాన్ని ఏ యంత్రమూ చదవలేదమ్మా. కోసి చూస్తే ఇనుము మంచిదో కాదో చెప్పగలను. ముందు విరిగిందా, బండి పడ్డాక విరిగిందా అన్నది మాత్రం ఈ ముఖమే చెప్పాలి. చూడనిదాన్ని చూశానని నేను రాయకూడదు" అన్నారు మేడం.

గేటు దగ్గర సన్యాసిరావు కూతుర్ని చూడగానే లేచి నిలబడ్డాడు. చేతిలో కాగితం ఉందేమోనని చూశాడు. హైమ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఒక్క మాట కూడా దాచలేదు. ఆ ధైర్యం నాలుగు రోజుల ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేదో.

అతను తువ్వాలు విప్పి ముక్కల్ని చూశాడు. మెరిసే ముఖాల్ని బొటనవేలితో తడిమాడు. కొట్టలేదు, తిట్టలేదు.

"పోన్లే. ఎవలూ నమ్మకపోతే మానె. నువ్వైతే నమ్ముతావు కదమ్మా, నాను నిద్దరోలేదని?"

హైమ నోరు తెరిచింది. ఆ మధ్యాహ్నం నాన్న నిజంగా కునుకు తీశాడా అన్న అనుమానం ఆ పిల్లకి ఇంతకుముందు ఒకటి రెండుసార్లు రాకపోలేదు. మేడం చెబితే అది తీరిపోతుందనే అనుకుంది. ఇక తీరే దారి లేదు.

"నమ్ముతాను నాన్నా" అంది.

కానీ ఆ మాట రావడం కొంచెం ఆలస్యమైంది. ఆ ఆలస్యం సన్యాసిరావు విన్నాడు. బస్సులో కూతురి పక్కనే కూర్చొని, ఊరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాడు.

పైడిరాజు ఆటో ఇంకొకరికి ఇచ్చేశాడు. పట్నంలో పెద్ద చదువులవాళ్లకి చూపించినా వాళ్లేమీ చెప్పలేదట అని వీధిలో అనుకున్నారు. సన్యాసిరావు బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే పనికి కుదిరాడు. అతను మళ్లీ ఎప్పుడూ ఎవరితోనూ ఇరుసు ఊసు ఎత్తలేదు, హైమతో కూడా.

నీతి: నలుగురూ నవ్వుతారని విరిగినదాన్ని మెరుగుపెట్టి దాచకూడదు, మన తరఫున సాక్ష్యం చెప్పగలిగిన నిజం ఆ విరిగినచోటే ఉంటుంది, ఒకసారి చెరిపేస్తే దాన్ని మళ్లీ ఎవరూ తేలేరు.